పొద్దున ఫుల్లు, సాయంత్రం నిల్లు: బండి ఆయిల్ గేజీ ఎందుకు తికమక పెడుతుంది?



ఈసారి జీవామృతం గురించి కాదు, కషాయాల గురించీ కాదు. ఆ జీవామృతం క్యాన్లను పొలానికి, కూరగాయల క్రేట్లను రైతు బజారుకు మోసే బండి గురించి మాట్లాడుకుందాం. ట్రాక్టర్ లేని రైతులు మనలో చాలామంది ఉన్నారు గానీ, బండి లేని రైతు అరుదు. పైగా సహజ వ్యవసాయంలో సరుకును మనమే ఇళ్లకు చేర్చాలి. తెల్లవారుజామున కోసిన ఆకుకూర ఎనిమిది గంటలకల్లా గుమ్మంలో ఉండాలి. ఆ రోజు బండి ఆగిందంటే తోటకూర వాడిపోతుంది, మన మాట కూడా పోతుంది.

ఈ మధ్య చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, పొద్దున చూస్తే ఆయిల్ నిండుగా ఉంది, సాయంత్రం చూస్తే గేజీ అంచుకు కూడా తగల్లేదు. మళ్లీ తెల్లారి చూస్తే ఉంది. ఆయిల్ తాగుతోందా, లేదా?" ఇంకొకరిది దీనికి తిరకాసు. "నేనేమీ పోయలేదు, కానీ ఆయిల్ పెరిగింది, ఇదెలా?"

ఈ రెండు ప్రశ్నలకూ తేలిగ్గా జవాబు చెప్పేస్తే నష్టం మనకే. లేని రోగానికి ఇంజిన్ విప్పిస్తే ఆరేడు వేలు పోతాయి. ఉన్న రోగాన్ని వదిలేస్తే ఇంజిన్ పట్టేస్తుంది. అందుకే ముందు గేజీని నమ్మాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. డబ్బు ఖర్చు చేసే మాట ఆ తర్వాత. కొలిచే పద్ధతి మొత్తం పైన వీడియోలో చూపించాను. ఎందుకలా చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

గేజీ ఏం కొలుస్తుంది?

గేజీ అంటే ఆయిల్ మూతకు కింద అతికించి ఉండే పుల్ల. దాని మీద కింద ఒక గీత, పైన ఒక గీత. ఆ రెంటి మధ్య ఆయిల్ తడి ఉంటే సరే అనుకుంటాం. కొన్ని బళ్లకు పుల్ల ఉండదు, ఇంజిన్ పక్కన చిన్న గుండ్రటి అద్దం ఉంటుంది. పల్సర్ లాంటి బళ్లలో, ఇప్పటి బుల్లెట్లలో చూసే ఉంటారు.

పుల్ల అయినా అద్దమైనా ఇంజిన్‌లో ఎన్ని మిల్లీలీటర్లు ఉందో చెప్పలేదు. ఇంజిన్ అడుగున, ఒక పక్కన, ఆ నిమిషంలో ఆయిల్ ఎంత ఎత్తులో నిలిచి ఉందో అంతే చెబుతుంది. చేనులో నీళ్లు పెట్టినప్పుడు ఒక మూల మోకాలి లోతు ఉంటుంది, ఇంకో మూల మడమ కూడా తడవదు. ఏ మూల నిలబడి కొలిచామన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. ఇంజిన్‌లోనూ అంతే.

చిన్న లెక్క వేద్దాం. గేజీ పుల్ల ఇంజిన్ మధ్యగీతకు 8 సెంటీమీటర్లు పక్కన ఉందనుకోండి. బండి ఆ పక్కకు 5 డిగ్రీలు వాలితే, ఆ చోట ఆయిల్ మట్టం సుమారు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అటు పక్కకు వాలితే అంతే తగ్గుతుంది. మీ బండి గేజీ మీద రెండు గీతల మధ్య దూరం ఎంతో ఒకసారి స్కేలు పెట్టి చూడండి. కాస్త వాలుకే ఫుల్లు నిల్లు ఎలా అవుతుందో అర్థమైపోతుంది.

గొడ్లచావడిలో దొరికిన దొంగ

మా ఊళ్లో ఒక బాబాయ్ ఉన్నాడు. బెండ, దొండ, ఆకుకూరలు వేస్తాడు, రోజూ బజారుకు రానూపోనూ 40 కిలోమీటర్లు. ఆయనది 100 సీసీ బండి, గేజీ మూత కుడి పక్కన. రాత్రి బండిని గొడ్లచావడిలో మెయిన్ స్టాండ్ వేసి పెడతాడు. పొద్దున చూస్తే ఆయిల్ నిండుగా ఉండేది. సాయంత్రం బజారు నుంచి వస్తూ రోడ్డు పక్క షాపు దగ్గర సైడ్ స్టాండ్ వేసి చూపిస్తే పుల్ల దాదాపు పొడిగా వచ్చేది. షాపతను 100 మిల్లీలీటర్లు పోసేవాడు. మూడు వారాల్లో ఇలా మూడుసార్లు జరిగింది.

ఆ తర్వాత బండి లాగడం తగ్గింది. సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైంది. షాపతను తీర్పు చెప్పేశాడు: "రింగులు పోయాయి, ఆయిల్ తాగేస్తోంది, బోర్ చేయించాలి."

బాబాయ్ నా దగ్గరకొచ్చి, "ఏంరా అబ్బాయ్, ఆవు అమ్మి బోర్ చేయించమంటావా?" అన్నాడు. నేను ముందు గొడ్లచావడి నేల చూశాను. మనకందరికీ తెలిసిందే, గోమూత్రం ఒక పక్కకు పారి కాలువలో పడాలని ఆ నేలను కావాలనే వాలుగా కడతాం. బండి కుడి పక్క ఆ పల్లానికే ఉంది. అంటే పొద్దున ఆయిల్ అంతా గేజీ ఉన్న పక్కకు చేరి నిండుగా చూపించింది. సాయంత్రం సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకు వాలింది, ఆయిల్ అటు పోయింది, కుడి పక్క పుల్లకు అందలేదు. రెండు రీడింగులూ తప్పే. వాటిలో తక్కువ చూపించినదాన్ని నమ్మి ఆయిల్ పోస్తూ పోయారు.

చదునైన సిమెంటు నేల మీద సరిగ్గా కొలిస్తే పై గీత దాటి చాలా పైకి ఉంది. మొత్తం దించి కొలత గ్లాసులో పోసి చూస్తే, ఆ బండి మాన్యువల్‌లో చెప్పినదానికంటే సుమారు 250 మిల్లీలీటర్లు ఎక్కువ తేలింది. ఎక్కువైన ఆయిల్‌ను లోపల తిరిగే భాగాలు చిలికి నురగ చేస్తాయి. ఆ నురగ బ్రీదర్ పైపు గుండా ఎయిర్ ఫిల్టర్ బాక్సులోకి వెళ్తుంది. అక్కడి నుంచి గాలితో పాటు ఇంజిన్‌లోకి పోయి కాలుతుంది. నీలం పొగ అదే. బండి లాగకపోవడానికి కారణం కూడా అదే. ఫిల్టర్ బాక్సు తుడిపించి, కొత్త ఫిల్టర్ వేయించి, కొలిచి ఆయిల్ పోశాం. సైలెన్సర్‌లో మిగిలిన ఆయిల్ కాలేదాకా నాలుగైదు రోజులు కొద్దిగా పొగ వచ్చింది, తర్వాత ఆగిపోయింది. రింగులు ఇప్పటికీ పాతవే.

ఇందులో షాపతను మోసం చేశాడని నేను అనను. సైడ్ స్టాండ్ మీద చూసిన పుల్ల పొడిగా ఉంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కొలత తప్పితే దాని మీద కట్టిన వైద్యం కూడా తప్పుతుంది.

సరిగ్గా చూసే పద్ధతి

ఎక్కువ బళ్ల మాన్యువళ్లలో దాదాపు ఇదే క్రమం ఉంటుంది. మీ బండి పుస్తకంలో వేరేగా ఉంటే దాన్నే పాటించండి.

1. చదునైన చోటు ఒకటి ఎంచుకోండి, ఎప్పుడూ అక్కడే చూడండి. కళ్లతో చదును అనుకోవద్దు. కాంటూర్ గట్లకు గీతలు గీసే ఏ-ఫ్రేమ్ మన దగ్గర ఉంటుంది కదా, దాన్ని నేల మీద అటూ ఇటూ పెట్టి దారం మధ్యలో నిలుస్తుందేమో చూడండి. అది లేకపోతే పళ్లెంలో నీళ్లు పోసి పెట్టినా తెలుస్తుంది. చోటు దొరికాక ముందు చక్రం దగ్గర, స్టాండ్ దగ్గర పెయింట్‌తో గుర్తు పెట్టుకోండి.

2. మెయిన్ స్టాండ్ వేయండి. స్టాండ్ కాళ్లు రెండూ ఒకేలా ఉన్నాయా చూడండి. ఒక పక్క అరిగినా, మెత్తటి మట్టిలో ఒక కాలు దిగినా బండి వాలుతుంది. మెయిన్ స్టాండ్ లేని బండి అయితే ఇంకొకరు నిటారుగా పట్టుకోవాలి.

3. ఇంజిన్ స్టార్ట్ చేసి మూడు నాలుగు నిమిషాలు స్లోలో ఉంచండి. రేసింగ్ వద్దు.

4. ఆపేసి 2 నుంచి 3 నిమిషాలు ఆగండి. పైన హెడ్‌లో, క్లచ్ పక్కన ఉన్న ఆయిల్ కిందకు దిగాలి.

5. మూత చుట్టూ దుమ్ము తుడిచి, అప్పుడు మూత తీయండి. పొలం బండి మూత చుట్టూ ఇసుక తప్పకుండా ఉంటుంది. అది లోపల పడితే ఆయిల్ గొడవ కంటే పెద్ద గొడవ.

6. పుల్లను శుభ్రమైన గుడ్డతో తుడవండి. దూది, పీచు ఊడే గోనె ముక్క వద్దు.

7. పుల్లను నిటారుగా లోపలికి దించి తీసి చూడండి. మళ్లీ తుడిచి ఇంకోసారి చూడండి. రెండుసార్లూ ఒకటే వస్తేనే రాసుకోండి.

అద్దం ఉన్న బళ్లకూ మొదటి నాలుగు అడుగులూ ఇవే. తర్వాత అద్దానికి ఎదురుగా కూర్చుని, కన్ను దాని ఎత్తుకు తెచ్చి చూడాలి. పైనుంచి వంగి చూస్తే మట్టం తప్పుగా కనిపిస్తుంది.

రీడింగును మార్చేసే మిగతా కారణాలు

మూత బిగించాలా, వద్దా? చాలామంది తడబడేది ఇక్కడే. స్ప్లెండర్ లాంటి చాలా బళ్లకు పుల్లను మర తిప్పకుండా, మూతను రంధ్రం అంచు మీద ఊరికే ఆనించి చూడాలి. కొన్ని మోడళ్లకు పూర్తిగా బిగించి తీసి చూడాలి. ఆనించి చూడాల్సిన దాన్ని బిగిస్తే పుల్ల మర ఉన్నంత పొడవు కిందకు దిగుతుంది, తడి పైదాకా అంటుతుంది. ఆయిల్ తక్కువగా ఉన్నా ఫుల్లు అనిపిస్తుంది. ఇది ప్రమాదకరమైన తప్పు. ఇంట్లో మీరు ఒకలా, మెకానిక్ ఒకలా చూస్తే ఇద్దరికీ రెండు లెక్కలు వస్తాయి. మాన్యువల్‌లో ఆ ఒక్క వాక్యం వెతికి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఆపిన వెంటనే చూడటం. దూరం వెళ్లొచ్చి ఆపగానే చూస్తే ఆయిల్ ఇంకా పైనే ఉంటుంది, తక్కువ చూపిస్తుంది. రాత్రంతా నిలబెట్టిన బండిలో చుక్క చుక్కా దిగిపోయి ఉంటుంది, ఎక్కువ చూపిస్తుంది. బండికి ట్రాక్టర్ ఆయిల్ పోసేవాళ్లు మనలో ఉన్నారు. చిక్కటి ఆయిల్ చలికాలంలో ఇంకా నిదానంగా దిగుతుంది, కాబట్టి ఈ తేడా మరీ పెరుగుతుంది. అసలు చాలా బళ్లలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. అందుకే డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్న టూవీలర్ ఆయిలే, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడులోనే పోయాలి.

వేడి. వేడెక్కితే ఆయిల్ ఉబ్బుతుంది. 800 మిల్లీలీటర్ల ఆయిల్ 60 డిగ్రీలు వేడెక్కితే సుమారు 30 నుంచి 35 మిల్లీలీటర్లు పెరుగుతుంది. చిన్న తేడానే. కానీ ఒకరోజు చల్లగా, ఒకరోజు వేడిగా చూస్తే ఆయిల్ తగ్గిందో పెరిగిందో అని అనుమానపడటానికి చాలు.

పుల్ల గోడకు తగలడం. పుల్లను తీసేటప్పుడు రంధ్రం అంచుకు, మరలకు అంటుకున్న ఆయిల్ దానికి పూసుకుంటుంది. అప్పుడు ఒక పక్క పైదాకా తడి, రెండో పక్క కిందే ఉంటుంది. కింద ఉన్నదే అసలు మట్టం అనుకుని, తుడిచి మళ్లీ చూడండి.

మారిపోయిన మూత. పాత మూత పగిలిందనో పోయిందనో వేరే మోడల్ మూత పెట్టిన బళ్లు చాలా ఉన్నాయి. మర సరిపోతుంది, పుల్ల పొడవు మాత్రం వేరు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. అదే మోడల్ ఇంకో బండి పుల్లను పక్కన పెట్టి పోల్చండి, నిమిషంలో తేలిపోతుంది.

మరక పడ్డ అద్దం. పాత బండి అద్దం లోపల గోధుమరంగు పొర కడుతుంది. ఆయిల్ ఉన్నా లేకపోయినా నిండుగానే కనిపిస్తుంది. బండిని పట్టుకుని నిదానంగా అటూ ఇటూ వంచండి. అద్దంలో గీత పైకీ కిందకీ కదిలితే అది ఆయిల్. ఎంత వంచినా కదలకపోతే అది మరక కావొచ్చు, లేదా ఆయిల్ అద్దం పైకి దాటిపోయి ఉండొచ్చు. రెండింటిలో ఏదైనా వదిలేయకూడదు.

పాత బుల్లెట్ సంగతి. కాస్ట్ ఐరన్ ఇంజిన్ ఉన్న పాత బుల్లెట్లది వేరే దారి. వాటిలో ఆయిల్ ఉండే గది వేరు, క్రాంక్ తిరిగే గది వేరు. వారం పది రోజులు నిలబెడితే ఆయిల్ పంపు సందుల్లోంచి నెమ్మదిగా జారి క్రాంక్ గదిలోకి చేరుతుంది. గేజీ పెడితే ఖాళీ! పోయమంటుంది మనసు. పోయకండి. స్టార్ట్ చేసి కాసేపు నడపండి, పంపు ఆ ఆయిల్‌ను మళ్లీ దాని గదికి చేరుస్తుంది. అప్పుడు చూసి నిర్ణయించండి.

మీ గేజీకి మీరే కొలత పెట్టుకోండి

200 లీటర్ల డ్రమ్ముకు లోపల గీతలు పెట్టుకుని జీవామృతం కలుపుతాం కదా, అదే పని ఇక్కడా చేయొచ్చు. దీనికి మంచి సమయం ఆయిల్ మార్చే రోజు.

ఇంజిన్‌ను కాస్త వేడి చేసి, చదునైన చోట నిలబెట్టి, డ్రెయిన్ బోల్ట్ విప్పి పాత ఆయిల్ పూర్తిగా దించండి. తొందరపడొద్దు, కనీసం పది నిమిషాలు కారనివ్వండి. బోల్ట్ వాషర్ చూసి బిగించాక, మాన్యువల్ చెప్పిన కొలత తీసుకోండి. ఇక్కడ ఒక సంగతి ఉంది. మాన్యువల్‌లో సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఆయిల్ దించి మార్చినప్పుడు పోసేది, రెండోది ఇంజిన్ మొత్తం విప్పి కట్టినప్పుడు పోసేది. ఎంత దించినా సందుల్లో కొంత ఆయిల్ మిగులుతుంది, అందుకే ఈ తేడా. మనకు కావాల్సింది చిన్న అంకె. పెద్ద అంకె చూసి పోసినా, డబ్బా 1 లీటరుది ఉంది కదా అని మొత్తం ఒంపేసినా మొదటి రోజే ఎక్కువైపోతుంది.

ఆ కొలతలో 150 మిల్లీలీటర్లు పక్కన పెట్టి మిగతాది పోయండి. ఇంజిన్ రెండు నిమిషాలు స్లోలో నడిపి, ఆపి, 3 నిమిషాలు ఆగి గేజీ చూడండి. రాసుకోండి. ఒకవేళ కింది గీతకు కూడా తగలకపోతే ఇంకోసారి స్టార్ట్ చేయకుండా ముందు 50 పోయండి. తర్వాత 50 చొప్పున పోస్తూ ప్రతిసారీ ఇలాగే చూడండి. 150 పూర్తయ్యేసరికి తడి పై గీత దగ్గరికి రావాలి. ఇప్పుడు మీ గేజీ మీద 50 మిల్లీలీటర్లు అంటే ఎంత ఎత్తో మీకు తెలుసు. ఇక తగ్గినా పెరిగినా అంకెల్లోనే మాట్లాడొచ్చు. మొత్తం పోసినా తడి గీతలకు చాలా దూరంగా ఉంటే మూత మారిందేమో, నేల వాలిందేమో చూడండి. కాగితం ఆయిల్ ఫిల్టర్ మార్చిన బళ్లలో మొదటిసారి నడిపాక మట్టం కొద్దిగా దిగుతుంది, ఫిల్టర్ తన వంతు పీల్చుకుంటుంది కాబట్టి.

కొలవడానికి పశువులకు మందు పట్టే 50 మిల్లీలీటర్ల సిరంజి బాగుంటుంది. కానీ ఒక్కసారి ఆయిల్‌కు వాడాక అది బండికే. దాని మీద పెయింట్‌తో గుర్తు పెట్టి వేరే చోట పెట్టండి, మళ్లీ పశువుల దగ్గరికి గానీ కషాయాల దగ్గరికి గానీ రాకూడదు.

నిజంగానే తగ్గుతుంటే

ఒకే చోట, ఒకే పద్ధతిలో, వారానికొకసారి చొప్పున మూడు వారాలు చూడండి. కిలోమీటర్లు కూడా రాయండి. మూడుసార్లూ వరసగా దిగుతూ ఉంటే అప్పుడు ఆయిల్ తగ్గుతోందని నమ్మొచ్చు. తగ్గిన ఆయిల్ రెండే దారుల్లో పోతుంది. బయటకు కారాలి, లేదా లోపల కాలాలి.

కారుతోందేమో ముందు చూడండి, అది చవక పని. రాత్రి ఇంజిన్ కింద అట్టముక్క పరవండి. పొద్దున చుక్కలుంటే అవి ఏ భాగం కింద పడ్డాయో చూడండి. డ్రెయిన్ బోల్ట్ కిందా, ముందు చైన్ స్ప్రాకెట్ దగ్గర ఆయిల్ సీల్ కిందా, హెడ్ ప్యాకింగ్ దగ్గరా అని. చైన్‌కు పూసిన ఆయిల్‌ను ఇంజిన్ ఆయిల్ అనుకోవద్దు. చోటు తెలియకపోతే ఇంజిన్ కడిగి, ఆరాక టాల్కం పౌడర్ చల్లి నాలుగు కిలోమీటర్లు తిప్పండి. తడి మొదలైన చోట పౌడర్ ముద్ద కడుతుంది. గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది కాబట్టి, తడిలో అన్నిటికంటే ముందున్న, పైనున్న చోటే మూలం.

కారడం లేదంటే పొగ చూడాలి. రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చి కాసేపటికి ఆగితే వాల్వ్ సీళ్ల మీద అనుమానం. బరువుతో లాగేటప్పుడు ఆగకుండా వస్తుంటే రింగులు, బోర్ మీద అనుమానం. ముందు ఎయిర్ ఫిల్టర్ బాక్సు తెరిచి చూడండి. అందులో ఆయిల్ ఉంటే, ఆయిల్ ఎక్కువ పోశారేమో లెక్క తీయండి. ఇవన్నీ అయ్యాక మెకానిక్‌ను కంప్రెషన్ కొలవమని అడగండి. ఇంజిన్ విప్పే మాట చివరిది.

కింది గీతకు కూడా తగలకపోతే మాత్రం పరిశోధన తర్వాత. ముందు సరైన ఆయిల్ గీతల మధ్యకు పోసి, అప్పుడే స్టార్ట్ చేయండి. 100 సీసీ బళ్లలో చాలావాటికి ఆయిల్ లైటు ఉండదు, తక్కువైందని అవి మీకు చెప్పవు.

పెరుగుతుంటే ఇంకా జాగ్రత్త

పోయకుండా ఆయిల్ పెరగదు. సరైన పద్ధతిలో చూసినా పెరిగిందంటే లోపలికి వేరే ఏదో వచ్చి కలుస్తోంది. మనవాళ్లు "పోన్లే, ఎక్కువే ఉంది కదా" అని ఊరుకుంటారు. తగ్గడం కంటే ఇదే ఎక్కువ ప్రమాదం.

మొదటి అనుమానం పెట్రోలు. మేం కూరగాయల బాక్సులు ఇళ్లకు వేయడానికి మూడు బళ్లు తిప్పుతాం, వారానికొకసారి రీడింగు రాస్తాం. గత వర్షాకాలంలో వాటిలో ఒక పాత కార్బొరేటర్ బండి పై గీత దాటింది. పుల్ల వాసన చూస్తే పెట్రోలు. ఆయిల్ రెండు వేళ్ల మధ్య నీళ్లలా పలచగా ఉంది. దాన్ని స్టార్ట్ చేయకుండా ఆపేశాం. పాడైన ఆయిల్ దించి కొత్తది కొలిచి పోసి, ఒక పరీక్ష పెట్టాం. ఒక రాత్రి పెట్రోల్ ట్యాప్ ఆపి ఉంచాం, మట్టం మారలేదు. రెండో రాత్రి ట్యాప్ తెరిచి ఉంచాం, పొద్దునకు పెరిగింది. దొంగ కార్బొరేటర్‌లోనే ఉన్నాడని తేలింది. ఫ్లోట్ నీడిల్ దగ్గర చెత్త పడి పెట్రోలు ఆగడం లేదు. మామూలుగా అయితే అది ఓవర్‌ఫ్లో పైపులోంచి నేల మీద పడి మనకు తెలిసిపోవాలి. ఆ పైపులో కందిరీగ మట్టిగూడు కట్టింది! దారి మూసుకుపోయి పెట్రోలు ఇంజిన్‌లోకి దిగింది. కార్బొరేటర్ శుభ్రం చేయించి, నీడిల్ మార్చి, పైపు పొడిచి, ఆయిల్ మళ్లీ మార్చాం.

ఈ పరీక్ష చేసేటప్పుడు దగ్గర్లో బీడీ, దీపం, పొయ్యి ఏమీ ఉండకూడదు. బండి గాలి ఆడే చోట ఉండాలి. కిక్ కొడితే కాలు దిగకుండా రాయిలా ఆగితే బలవంతం చేయొద్దు, సిలిండర్‌లో పెట్రోలు నిండి ఉండొచ్చు. మెకానిక్‌ను పిలవండి. కార్బొరేటర్ బండి ఉన్నవాళ్లు రాత్రి ట్యాప్ ఆపే అలవాటు చేసుకుంటే సగం గొడవ ఉండదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చాలా బళ్లలో కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్ వచ్చింది. వాటికి ఈ గొడవ తక్కువ. అయినా ఇంటి నుంచి పొలానికి అర కిలోమీటరు, మళ్లీ ఇంటికి అర కిలోమీటరు, ఇలా ఇంజిన్ వేడెక్కకుండానే తిప్పే బండిలో కొద్దిగా పెట్రోలు, చెమ్మ ఆయిల్‌లో చేరుతూ ఉంటాయి. వారంలో ఒకటి రెండుసార్లు 15, 20 కిలోమీటర్లు తిప్పితే అవి ఆవిరై పోతాయి.

రెండో అనుమానం నీళ్లు. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా, మజ్జిగ నురగలా ఉంటే నీళ్లు కలిసినట్టే. మూత కింద మాత్రమే కొద్దిగా తెల్లటి పూత ఉండి, పుల్ల మీద ఆయిల్ మామూలుగా ఉంటే అది చలికాలపు చెమ్మ కావొచ్చు. దూరం తిప్పాక మళ్లీ చూడండి. కానీ బండి కాలువలో దిగిందనో, వాననీళ్లలో మునిగిందనో తెలిస్తే పరీక్షల కోసం ఆగొద్దు, స్టార్ట్ చేయొద్దు. డ్రెయిన్ బోల్ట్ వదులు చేయండి. నిలకడగా ఉన్న ఇంజిన్‌లో నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరి ముందు అవే వస్తాయి. అలాంటి బండికి ఒక్కసారి ఆయిల్ మారిస్తే చాలదు. కొత్త ఆయిల్‌తో కాసేపు నడిపి, మళ్లీ తెల్లబడితే మళ్లీ మార్చాలి.

ఎక్కువ పోసేస్తే తీయడం ఎలా?

డ్రెయిన్ బోల్ట్ కొంచెం వదులు చేసి కొద్దిగా వదులుదామంటే కుదరదు, వేడి ఆయిల్ చేతి మీద పడుతుంది, సగం నేల పాలవుతుంది. ఇంజిన్ చల్లారాక ఆయిల్ పోసే రంధ్రంలోంచి సన్నటి గొట్టం దించి సిరంజితో లాగండి. ఎంత లాగారో అంకె తెలుస్తుంది. గొట్టం గట్టిగా తోయొద్దు, గేర్ల మధ్య ఇరుక్కుంటుంది.

పాత ఆయిల్ మన నేల మీద పడకూడదు

సహజ వ్యవసాయం చేసేవాళ్లుగా ఈ మాట మనమే ముందు చెప్పాలి. చెదలు పట్టకుండా కర్రలకు పాత ఆయిల్ పూయడం, గట్టు మీద పారబోయడం ఊళ్లలో మామూలే. వాడిన ఆయిల్‌లో అరిగిన లోహాలు, కాలిన ఇంధనపు అవశేషాలు ఉంటాయి. రసాయనం వేయకుండా ఏళ్లపాటు వానపాములను పెంచుకున్న మట్టిలో దాన్ని ఎందుకు పోయాలి? 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది. మూత ఉన్న క్యాన్‌లో పోసి, నీళ్లు, పెట్రోలు తగిలినదాన్ని వేరే క్యాన్‌లో ఉంచి, పాత ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. ఆయిల్ కారే బండిని నారుమడి పక్కన, జీవామృతం షెడ్డులో పెట్టొద్దు.

చివరగా, బండి సీటు కిందో ఇంట్లో గోడకో ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. తేదీ, కిలోమీటర్లు, గేజీ ఎక్కడుంది, ఎంత పోశాం, ఆయిల్ రంగు, వాసన. ఆరు గడులు, వారానికి ఒక్క వరస. రేపు ఎవరైనా "రింగులు పోయాయి" అంటే ఆ పుస్తకం తెరిచి ముందు పెట్టండి. మంచి మెకానిక్ అయితే దాన్ని చూసి సంతోషిస్తాడు, సగం పని మీరే చేసిపెట్టారు కాబట్టి. ఆ పుస్తకం చూడను, విప్పాల్సిందే అంటే మాత్రం బండి ఇంకో షాపుకు తీసుకెళ్లండి.